నెగటివ్‌లో తలలున్నాయి

మా పెదనాన్న ఇరవై ఏళ్ళ పాటు ఒకే ఒక్క మనిషితో పోట్లాడాడు. ఆ మనిషి బజారు మలుపులో ఫోటోలు కడిగే ల్యాబు యజమాని. మిగతా ప్రపంచం మీద పెదనాన్న ఎన్నడూ గొంతు పెంచి ఎరుగడు. బస్సులో ఎవరైనా ఆయన కాలు తొక్కితే "అయ్యో, నా కాలు అడ్డొచ్చిందా?" అని అడిగే రకం. తూనికలూ కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా చేశాడు. దొంగ తూకం రాయి పట్టుకున్నప్పుడు కూడా కొట్టువాడితో "మీ రాయి ఈమధ్య కాస్త చిక్కినట్టుందండీ" అనేవాడు. అలాంటి మనిషి గాండ్రిస్తే ఎలా ఉంటుందో చూడాలంటే మాత్రం, కొత్తగా కడిగించిన ఫోటోల కవరు చేతికొచ్చిన సాయంత్రం ఆ ల్యాబు ముందు నిలబడాల్సిందే.

మా ఇల్లూ వాళ్ళిల్లూ పక్కపక్కనే, మధ్యలో నడుమెత్తు గోడ. చిన్నప్పుడు ఆ పోట్లాటకి నన్ను కూడా తీసుకెళ్ళేవాళ్ళు. నాకది సర్కస్‌తో సమానం. ముందు పెదనాన్న, ఆయన వెనక పెదమ్మ, పెదమ్మ కొంగు పట్టుకుని నేను. పెదనాన్న ల్యాబు మెట్టెక్కగానే గొంతు సవరించుకుని, కవర్లోంచి ఓ ఫోటో తీసి బల్ల మీద చరిచేవాడు.

"ఏమయ్యా, ఇందులో నిలబడ్డాయన ఎవరు?"

"తెలియదండీ," అనేవాడు ల్యాబాయన.

"ఎలా తెలుస్తుంది? తల ఉంటే కదా తెలిసేది! ఈయన మా మామగారు. ఆరడుగుల రెండంగుళాల మనిషి. మా ఇంటికి తలతో వచ్చారు, తలతో వెళ్ళారు. మధ్యలో నీ దగ్గరే ఏదో జరిగింది."

"పేపరు సైజు చిన్నదండీ. మిషను కోసేస్తుంది."

"కొయ్యాల్సే వస్తే కాళ్ళ దగ్గర కొయ్యొచ్చుగా? చెప్పులు పోతే ఎవడేడ్చాడు?"

దారినపోయేవాళ్ళు ఆగి చూసేవాళ్ళు. ల్యాబాయన తలవంచుకుని, చెప్పిన మాటే చెప్పేవాడు. చివరికి పెదమ్మే పెదనాన్న చొక్కా చెయ్యి పట్టుకుని వెనక్కి లాగేది. "పోనీలెండి, పాపం. మిషను కోస్తే ఆయనేం చేస్తాడు?" అని, ల్యాబాయన వైపు తిరిగి, "ఈయన మనసు వెన్నండీ. నోరే కాస్త... ఏమీ అనుకోకండి," అనేది. పెదనాన్న మెట్టు దిగుతూ వెనక్కి తిరిగి, వేలు చూపించి, ప్రతిసారీ ఒకే మాటతో ముగించేవాడు.

"తలలన్నీ నెగటివ్‌లో భద్రంగా ఉన్నాయి. ఎప్పటికైనా బయటికి రప్పిస్తాను, చూస్తూ ఉండు!"

ఇంటికెళ్ళే దారంతా పెదమ్మ మొహం వెలిగిపోతూ ఉండేది. నేనేమో నెగటివ్‌లో ఇరుక్కుపోయిన మనుషులకి ఊపిరాడుతుందా లేదా అని బెంగపడేదాన్ని.

ఇందులో ఓ విచిత్రం ఉంది. ల్యాబాయన కత్తెర ఎప్పుడూ పెదమ్మ తీసిన ఫోటోల మీదే పడేది. పెదనాన్న తీసినవాటి జోలికి పోయేది కాదు. ఎందుకని అడిగితే పెదనాన్న, "నా ఫోటోలు కొయ్యాలంటే భయం. ఇన్‌స్పెక్టర్ని కదా," అనేవాడు. మాకది న్యాయంగానే తోచింది.

పెదనాన్న ఫోటో తీసే పద్ధతి వేరు. జేబులోంచి కొలత టేపు తీసేవాడు. ఒక కొస కెమెరాకి, రెండో కొస ఎదుటివాళ్ళ ముక్కుకి ఆనించి దూరం కొలిచేవాడు. కెమెరా మీది చక్రం ఆ అంకెకి తిప్పి, అనుమానం వచ్చి మళ్ళీ కొలిచేవాడు. ఈలోపు మూతి మీద నవ్వు ఎండిపోయి, అందరూ పోలీసు స్టేషన్లో నిలబెట్టినట్టు నిలబడేవాళ్ళు. అలా ఒకటి నొక్కాక పెదమ్మ, "ఏదీ, ఇలా ఇవ్వండి, నేనొకటి తీస్తాను," అని కెమెరా లాక్కునేది. ఆవిడ చేతికి కెమెరా రాగానే ఎందుకో గానీ పిల్లా పెద్దా పగలబడి నవ్వేవాళ్ళు. ఆ నవ్వులు ఫోటోల్లో చూడాలంటే తలలుండాలి. తలలేమో నెగటివ్‌లో ఉన్నాయి.

ఆ నెగటివ్‌లని పెదనాన్న బిస్కెట్ల రేకు డబ్బాలో పెట్టి, అలమర పైఅరలో దాచాడు. మొత్తం నలభైమూడు రోల్స్. ఒక్కోదానికి ఒక్కో కాగితం పొట్లం, మీద నంబరు, ఎప్పుడు తీశారో, ఎవరెవరున్నారో రాత. ఇంట్లో ఎవరూ ఆ డబ్బా ముట్టుకోకూడదు.

"వేలిముద్ర పడిందంటే సరిగ్గా తల మీదే పడుతుంది," అనేవాడు. ఆ మాటకి భయపడి పెదమ్మ డబ్బాకి దుమ్ము కూడా దులిపేది కాదు.

తర్వాత ఫోన్లలోకే కెమెరాలొచ్చేశాయి. ఫిల్ము రోల్ దొరకడం మానేసింది. పోట్లాడ్డానికి పనిలేక పెదనాన్న మరీ సాధువైపోయాడు. నేను చదువు ముగించి పళ్ళ ఆస్పత్రిలో ఎక్స్‌రేలు తీసే ఉద్యోగంలో చేరి పదిహేనేళ్ళయింది. నెగటివ్‌లోని తలల సంగతి అందరం మర్చిపోయాం, ఒక్క పెదమ్మ తప్ప.

ఈ ఏడు వానలకి వాళ్ళింటి గోడ చెమ్మ తాగింది. అదే సమయానికి పెదమ్మకి రెండు కళ్ళకీ శుక్లాల ఆపరేషన్ అయింది. చూపు కొత్తగా వచ్చిన సంబరంలో ఆవిడ మొట్టమొదట చేసిన పని అలమర తెరిచి ఆల్బములు తియ్యడం. తీస్తే ఏముంది, పేజీలన్నీ ఒకదానికొకటి అంటుకుపోయి ఇటుకల్లా ఉన్నాయి. విడదియ్యబోతే ఫోటో మీది రంగంతా ప్లాస్టిక్ కాగితానికి ఊడొచ్చేసింది. ఆ పూట పెదమ్మ భోజనం ముట్టలేదు.

మర్నాడు పొద్దున నేను వెళ్ళేసరికి ఆవిడ నడుం బిగించి కూర్చునుంది. పెదనాన్న టీ తాగుతున్నాడు.

"అమ్మాయ్, నెగటివ్‌ల నుంచి ఫోటోలు నేరుగా కంప్యూటర్లోకి ఎక్కిస్తారటగా?"

"ఎక్కిస్తారు పెదమ్మా. స్కాన్ చేస్తారు. ఫోన్లో పెట్టుకోవచ్చు, టీవీలో చూసుకోవచ్చు."

"మధ్యలో పేపరుండదు కదా?"

"ఉండదు."

"పేపరు లేకపోతే కోతా ఉండదు." ఆవిడ పెదనాన్న వైపు తిరిగింది. "విన్నారా? ఒకందుకు మంచిదే అయింది. తలలన్నీ వచ్చేస్తాయి!"

పెదనాన్న చేతిలో కప్పు దారిలోనే ఆగిపోయింది.

"ముఖ్యంగా మా నాన్న తల," అంది పెదమ్మ.

పెదమ్మ వాళ్ళ నాన్నగారు కరెంటు లైన్‌మన్. ఓసారి స్తంభం మీంచి జారి ముందు పన్ను ఒకటి పోగొట్టుకున్నాడు. అప్పట్నించీ కెమెరా చూస్తే చాలు, పెదాలు కుట్టేసినట్టు బిగించేవాడు. చుట్టాలిళ్ళల్లో ఉన్న ఏ ఫోటోలో చూసినా ఆయనకి ఎవరో శిక్ష వేసినట్టే ఉంటుంది. పన్ను సంగతి మర్చిపోయి నోరంతా తెరిచి నవ్వడం ఆయనకి ఒక్క కూతురి ముందే అలవాటు. ఆఖరిసారి ఇక్కడికొచ్చి పదిరోజులుండి వెళ్ళిన ఏడాదిలోనే పోయాడు.

"నవ్వుతున్నప్పుడే నొక్కాను. నాకు బాగా గుర్తు," అంది పెదమ్మ. "ఆ నవ్వు ఇంకెక్కడా లేదమ్మాయ్. ఆ డబ్బాలో ఉంది."

ఆ రోజు నుంచి పెదనాన్నకి వాతావరణం మీద ఎక్కడలేని శ్రద్ధ పుట్టింది. "నెగటివ్‌లు చెమ్మ పీల్చుకుని ఉంటాయి, ఇప్పుడు కదిలించకూడదు. మంచి ఎండలు రానీ," అన్నాడు. పది రోజులు వరసగా ఎండ కాసింది. "డబ్బా మూత పట్టేసింది," అన్నాడు. పెదమ్మ చెంచా కాడతో టక్కున లేపింది. "ఇంకా మంచి మిషన్లు వస్తాయట," అన్నాడు. "అవొచ్చేసరికి మనం ఉండద్దూ?" అంది పెదమ్మ.

"మా ఆస్పత్రిలో కింద లైటు వెలిగే బల్ల ఉంది పెదనాన్నా. ఓ రోల్ ఇవ్వండి, తలలు ఎంత బాగా వచ్చాయో చూసి చెప్తాను," అన్నాను నేను.

"నువ్వు పళ్ళు చూసుకోమ్మా. తలల సంగతి నేను చూసుకుంటాను."

"పోనీ, ఆస్పత్రి పక్కనే కొత్త స్టూడియో పెట్టారు. అక్కడిద్దామా?"

"వీల్లేదు. ఇస్తే ఆ ల్యాబుకే ఇస్తాను."

నేనూ పెదమ్మా మొహమొహాలు చూసుకున్నాం.

"ఆయనతో మీకు పడదు కదా!"

"పడదు కాబట్టే. స్నేహితుడైతే ఏమవుతుందిలే అని నిర్లక్ష్యం చేస్తాడు. శత్రువైతే ఒళ్ళు దగ్గర పెట్టుకుని చేస్తాడు."

ఆయన ఒక్కసారి పట్టు పట్టాడంటే ఉడుంపట్టే. మర్నాడు తొమ్మిదింటికి డబ్బా చంకన పెట్టుకుని, పెదమ్మ ఇచ్చిన టీ ఫ్లాస్కు చేత్తో పట్టుకుని బయల్దేరాడు. ఒంటిగంటకి తిరిగొచ్చాడు. కుడికన్ను చుట్టూ భూతద్దం అంచు ఎర్రగా అచ్చుపడి ఉంది.

"వచ్చాయా తలలు?" అంది పెదమ్మ గుమ్మంలోనే.

"తొందరపడకూడదు. ముందు కాళ్ళు శుభ్రం చేస్తున్నారు."

రెండో రోజు, మూడో రోజు, ఇదే వరస. నాలుగో రోజు పెదమ్మ గట్టిగా నిలదీసింది.

"వస్తున్నాయే. ఇప్పటికి మెడల దాకా వచ్చాయి," అన్నాడు.

"మెడల దాకా వచ్చాక ఇంకెంతసేపు?"

"అక్కడే కష్టం."

ఎనిమిదో రోజుకి కూడా మెడలు దాటలేదు. నాకు అనుమానం వచ్చింది. స్కానర్ అనేది చొక్కాకో పూట, మెడకో పూట తీసుకోదని ఎక్స్‌రేలు తీసేదాన్ని నాకు తెలియదా! తొమ్మిదో రోజు ఆస్పత్రిలో పూట సెలవు పెట్టి పదకొండింటికి ల్యాబుకి వెళ్ళాను.

ఆ ల్యాబు చాలా చిన్నదైపోయింది. ఒకప్పుడు ఫోటోలు కడిగిన పెద్ద మిషను మీద ఇప్పుడు గుడ్డ కప్పి, దాని మీద ఫోటో ఫ్రేములు పేర్చారు. పాస్‌పోర్టు ఫోటోలకి ఓ తెల్ల తెర, ఓ స్టూలు, మూల ఓ కంప్యూటరు. లోపల కింద లైటు వెలిగే గాజు బల్ల దగ్గర ఇరవై ఏళ్ళ శత్రువులిద్దరూ భుజాలు రాసుకుంటూ కూర్చున్నారు. ఇద్దరి కంటికీ చెరో భూతద్దం. మధ్యలో పెదమ్మ పంపిన ఫ్లాస్కు, రెండు కప్పులు.

"ఇది?" అన్నాడు పెదనాన్న.

"చొక్కా," అన్నాడు ల్యాబాయన.

"ఇది?"

"చొక్కా. మూడో గుండీ."

"ఇదైనా చూడండి, కాస్త మెడలా ఉంది."

"అది మోచెయ్యి సార్."

నేను చప్పుడు చెయ్యకుండా వెళ్ళి బల్ల మీంచి ఓ నెగటివ్ ముక్క అంచులు పట్టుకుని లైటుకి ఎత్తాను. పెదనాన్న "వేలిముద్రలు!" అని అరిచేలోపు చూసేశాను. నల్లటి చొక్కా తెల్లగా, తెల్లటి పంచె నల్లగా. పైన భుజాలు. భుజాల పైన ఏమీ లేదు.

"పెదనాన్నా, నెగటివ్‌లో తలలు లేవు!"

ఆయన గబగబా వెళ్ళి తలుపు దగ్గరకి వేసి వచ్చాడు. "మెల్లగా అనమ్మా, బజార్లో ఉన్నాం."

"ఇందులో ఎప్పుడూ లేవు! ఈయన ఏమీ కొయ్యలేదు. పెదమ్మే... మరి ఇరవై ఏళ్ళు ఈ పెద్దమనిషిని నడిబజార్లో ఎందుకు తిట్టినట్టు?"

పెదనాన్న నేల చూపులు చూశాడు. ల్యాబాయనే నా చేతికి ఓ కప్పు అందించి, "కూర్చోమ్మా," అన్నాడు.

"మీ పెదమ్మగారు కెమెరాలో చూసి అంతా సరిగ్గానే పెడతారమ్మా. నొక్కబోయే ముందు మాత్రం కెమెరా గుండెల దాకా దించేసి, తన మొహం చూపించి నవ్వుతారు. అప్పుడు నొక్కుతారు. 'నా మొహం కనపడకపోతే వాళ్ళు ఎవర్ని చూసి నవ్వుతారు?' అంటారట. కెమెరా దిగితే తల పోతుంది కదా."

"మొదటి రోల్ కడిగించినప్పుడు," అన్నాడు పెదనాన్న, "మీ పెదమ్మ ఇక్కడే ఈ బల్ల దగ్గరే కవరు విప్పింది. తను తీసినవి ఒక్కొక్కటీ చూసింది. మొహం ఇంతైపోయింది. 'నాకు చేతకాదు, ఇంక కెమెరా ముట్టుకోను' అంది. నాకేం తోచలేదమ్మా. 'నువ్వు బాగానే తీశావు, వీడే కోసేశాడు' అన్నాను. అన్నాక నిలబెట్టుకోవాలి కదా!"

"మర్నాడు నేను షాపు తెరిచేసరికి సారు మెట్టు మీద నిలబడున్నారు," అన్నాడు ల్యాబాయన. "'నిన్న తిట్టినందుకు క్షమించండి' అన్నారు. నేను పర్వాలేదన్నాను. అయినా కదలరు. కాసేపాగి, 'వచ్చే నెల ఇంకో రోల్ ఉంది. మళ్ళీ తిట్టొచ్చా?' అన్నారు."

"మీరు ఒప్పుకున్నారా?"

"ముందు ఒప్పుకోలేదు. నలుగురిలో షాపు పరువు కదమ్మా. అప్పుడు సారు ఆవిడ తీసిన ఫోటో ఒకటి నా ముందు పెట్టారు. పెద్దవాళ్ళకి తలల్లేవు గానీ, ముందు వరసలో పిల్లలున్నారు. పొట్టివాళ్ళు కాబట్టి తలలు మిగిలాయి. నేను రోజుకి రెండొందల ఫోటోలు కడిగేవాణ్ణి. అందరూ కర్రల్లా నిలబడతారు. అలా నవ్వే పిల్లల్ని అంతకుముందెప్పుడూ కడగలేదు. ఈవిడ కెమెరా మానేస్తే ఎలాగనిపించింది. సరే తిట్టండి సార్, కాకపోతే ముందు రోజు చెప్పండన్నాను."

"ఒక్కసారీ చెప్పకుండా తిట్టలేదు," అన్నాడు పెదనాన్న గర్వంగా.

"కెమెరా దించొద్దని పెదమ్మకి ఒక్కమాట చెప్తే సరిపోయేది కదా!"

"చెప్తే దించదు. దించకపోతే వాళ్ళు నవ్వరు." పెదనాన్న నా వైపు చూశాడు. "నేను తీసినవి చూశావుగా, అందరికీ తలలున్నాయి. ఏం లాభం?"

 నాకు ఆయన్ని గట్టిగా పట్టుకోవాలనిపించింది గానీ, చేతిలో టీ ఉంది.

"మరిప్పుడు ఏం వెతుకుతున్నారు?"

"మామగారి తల. ఒక్కటి చాలు. ఇన్నేళ్ళు ఉందని చెప్పాను, అది నమ్మి కూర్చుంది. లేదని ఎలా చెప్పను?" ఆయన భూతద్దం మళ్ళీ కంటికి పెట్టుకున్నాడు. "నలభై రోల్స్ అయ్యాయి. మామగారు వచ్చినప్పటివి రెండుసార్లు చూశాం. మిగతా మూడూ చూసి మళ్ళీ మొదటికొస్తాను."

నేను కొంగు దోపుకుని మూడో భూతద్దం అడిగాను.

మామగారు వచ్చినప్పటి రోల్ పదకొండో నంబరు. ముప్పై ఆరు బొమ్మల్లో పెదమ్మ తీసినవి పద్నాలుగు. పద్నాలుగూ చొక్కాలే. కానీ ఎక్స్‌రే అంచులు చూడకుండా రిపోర్టు రాయకూడదని మాకు ఉద్యోగంలో మొదటి రోజే నేర్పుతారు. పొట్లం అడుగున వేలెడంత విడి ముక్క ఒకటి కనిపించింది.

"ఇదేంటి?"

"అది ఖాళీదమ్మా," అన్నాడు ల్యాబాయన. "రోల్ ఎక్కించేటప్పుడు మొదట్లో కాస్త ఫిల్ముకి వెలుతురు తగిలి మాడిపోతుంది. అందుకని రెండు వట్టి నొక్కులు నొక్కి అసలు ఫోటోలు మొదలుపెడతారు. అవి ఎవరూ ప్రింటు వెయ్యరు. నేనైతే పారేసేవాణ్ణి. సారే ముక్కలతో సహా లెక్క అప్పజెప్పమనేవారు."

"తూకంలో తేడా రాకూడదు కదా," అన్నాడు పెదనాన్న.

"ఆ రోజు రోల్ ఎక్కించిందెవరు?"

"మీ పెదమ్మే. నేను టేపు మర్చిపోయి లోపలికెళ్ళాను."

ముక్క గాజు మీద పెట్టాను. సగం మసిలా నల్లగా ఉంది. రెండో సగంలో ఏదో పెద్ద ఆకారం, కిందనుంచి పైకి చూసినట్టు. భూతద్దం దించాను. నెగటివ్‌లో మనిషి పళ్ళు నల్లగా కనిపిస్తాయి. నల్లటి వరస ఒకటి కనిపించింది, మధ్యలో ఓ సందు. పదిహేనేళ్ళుగా పళ్ళు చూస్తున్న కళ్ళు నావి, పొరపాటు పడే ప్రశ్నే లేదు.

"పెదనాన్నా, ముందు పన్ను ఒకటి లేదు!"

ఆయన నన్ను తోసేసినంత పని చేసి భూతద్దం మీదికి వంగాడు. చాలాసేపు లేవలేదు. లేచాక ల్యాబాయన భుజం పట్టుకుని ఊపేస్తూ, "మామగారు! తలతో వచ్చారు!" అన్నాడు.

ల్యాబాయన ఆ ముక్కని మెత్తటి బ్రష్షుతో తుడిచి స్కానర్లో బిగించాడో లేదో, తలుపు తెరుచుకుంది. గుమ్మంలో పెదమ్మ.

"తొమ్మిది రోజులైంది. ఎంతవరకూ వచ్చాయో నేనే చూస్తాను," అంటూ తిన్నగా బల్ల దగ్గరికొచ్చి నా చేతిలో భూతద్దం తీసేసుకుంది. ఎవరం అడ్డం వెళ్ళలేకపోయాం. ఆవిడ వంగి ఒక బొమ్మ చూసింది. పక్కది చూసింది. అలా ముక్క మొత్తం చూసి ఇంకో ముక్క మీదికి జరిగింది. కొత్త కళ్ళు, ఏదీ దాగేట్టు లేదు.

తల ఎత్తి పెదనాన్నని చూసింది. ఆయన సీలింగు ఫ్యానుకి రెక్కలెన్నో లెక్కపెడుతున్నాడు. ఆవిడ చూపు తన ఫ్లాస్కు మీదికీ, పక్కనున్న కప్పుల మీదికీ, పెదనాన్న చెయ్యి ఇంకా దిగని ల్యాబాయన భుజం మీదికీ వెళ్ళింది. పెదవి చివర చిన్నగా కదిలింది. తర్వాత నడుం మీద చెయ్యి వేసి ల్యాబాయన వైపు తిరిగింది.

"ఏమయ్యా! ప్రింటులోనే అనుకున్నాను, నెగటివ్‌లో కూడా కోసేశావా?"

ల్యాబాయన రెప్ప వెయ్యలేదు. "పొరపాటైందమ్మా. కత్తెర మరీ పదును."

"ఎంత పనిమంతుడివయ్యా! ఇంత సన్నటి ముక్కలో అంత చిన్న తల వెతికి వెతికి కోశావంటే, ఆ శ్రద్ధ చదువు మీద పెట్టుంటే కలెక్టరువై ఉండేవాడివి!"

"నేను చెప్తూనే ఉన్నాను..." అని పెదనాన్న మొదలుపెట్టాడు.

"మీరుండండి. ఇరవై ఏళ్ళు మీరు తిట్టారు. ఇవాళ నా వంతు."

తిట్టింది. అంత సంతోషంగా ఎవరైనా ఎవర్నయినా తిట్టగా నేను చూడలేదు. బయట ఇద్దరు ముగ్గురు ఆగి చూశారు. చివరికి పెదనాన్నే ఆవిడ చెయ్యి పట్టుకుని, "పోనీలేవే, పాపం," అని వెనక్కి లాగాడు.

ఈలోగా స్కానర్ గుర్రుమంది. ల్యాబాయన కంప్యూటరు తెర ఇటు తిప్పాడు. ముక్కని ఎలా బిగించాడో గానీ, బొమ్మ అడుగునుంచి గీత గీతగా పైకొస్తోంది. ఎడమపక్క సగం తెల్లగా మాడిపోయింది. కుడిపక్క ముందు నీలం చొక్కా వచ్చింది. గుండీలొచ్చాయి. మెడ వచ్చింది. మెడ దగ్గరికొచ్చేసరికి నలుగురం తెర మీదికి వంగాం.

గడ్డం వచ్చింది. తర్వాత నోరు, నోరంతా తెరుచుకుని, సందుతో సహా. తర్వాత ముక్కు, నవ్వుకి ముడుచుకుపోయిన కళ్ళు, చెదిరిన జుట్టు. దాని పైన ఇంకా బోలెడు ఆకాశం.

"వచ్చాడు," అంది పెదమ్మ. తెర మీది మొహానికి జవాబు చెప్పినట్టు తనూ నోరంతా తెరిచి నవ్వింది. "మెట్ల మీద కూర్చుని కెమెరా ఒళ్ళో పెట్టుకుని వట్టి నొక్కులు నొక్కుతున్నాను. 'నన్ను తియ్యమంటే ఆకాశాన్ని తీస్తావేంటే పిచ్చిదానా' అని ఒకటే నవ్వు. అప్పుడే!"

పెదనాన్న ఛాతీ రెండంగుళాలు పెరిగింది. ఇరవై ఏళ్ళుగా చెప్పిన అబద్ధం ఆ పూట నిజమై కూర్చుంది మరి.

"నెగటివ్‌లో తల ఉందని చెప్పానా లేదా?" అన్నాడు.

"చెప్పారు. మీ మాట ఎప్పుడు తప్పిందనీ," అంది పెదమ్మ, ఆయన కన్ను చుట్టూ ఉన్న ఎర్రటి అచ్చుని చీర కొంగుతో అద్దుతూ.

పద్నాలుగు చొక్కాలు కూడా స్కాన్ చెయ్యాల్సిందేనని ఆవిడే పట్టుబట్టింది. అన్నీ అయ్యాక, ఫోన్ తీసి ఇద్దరు శత్రువుల్నీ మెట్టు మీద పక్కపక్కన నిలబెట్టింది. ఫోన్ కంటికెదురుగా పెట్టుకుని సరిచూసింది. ఆ తర్వాత గుండెల దాకా దించి, మొహం చూపించి నవ్వింది. వాళ్ళిద్దరూ పగలబడి నవ్వారు. నొక్కింది.

పెదనాన్న ఫోన్ అందుకుని చూశాడు. రెండు చొక్కాలు, ఒక ఫ్లాస్కు. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"ఈ ఫోన్ అమ్మినవాడి కొట్టెక్కడే? తలలు కోసేసే ఫోన్ అంటగడతాడా? రేపు సాయంత్రం పద, వాడి సంగతి చూస్తాను!"

"పోనీలెండి, పాపం," అంది పెదమ్మ. మొహం వెలిగిపోతోంది.

మర్నాడు పొద్దున ఆస్పత్రికి పోయే ముందు నేను ఆ ఫోన్ల కొట్టుకి వెళ్ళాను. అప్పుడే తాళం తీస్తున్నారు. "సాయంత్రం మా పెదనాన్న వస్తారండీ. మిమ్మల్ని కాస్త గట్టిగా తిడతారు. మీకు వీలవుతుందా?" అని అడిగి వచ్చాను.